కాటుక రేకుల పొడ

1785 జూన్‌లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో ఒక డాక్టరు జిగట విరేచనాలతో చనిపోయాడు. పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకూ జీవాలకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని లోకానికి నేర్పిన లినేయస్‌కు శిష్యుడు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో ప్రకృతి శాస్త్రవేత్త. పోయే ముందు కలకత్తా ప్రయాణంలో విశాఖపట్నంలో ఆగి, తనలాంటి పిచ్చే ఉన్న ఒక స్కాట్లండ్ వైద్యుణ్ణి కలిసి వెళ్ళాడు. కోనిగ్ ఖాళీ చేసిన ఉద్యోగం చివరికి ఆ వైద్యుడికే వచ్చింది.

ఆయన ప్యాట్రిక్ రసెల్. అప్పటికే అరవైకి దగ్గర పడ్డాడు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ళ తరబడి వైద్యం చేసినవాడు. 1760 నుంచి 62 దాకా అక్కడ ప్లేగు జనాన్ని ఊడ్చుకుపోతుంటే ఊరు వదలని మనిషి. విశాఖకు ఉద్యోగం వెతుక్కుంటూ రాలేదు. సోదరుడు క్లాడ్ ఇక్కడ కంపెనీ పెద్దగా వస్తుంటే తోడు వచ్చాడు. హాయిగా సముద్రం చూసుకుంటూ కూర్చోవలసిన వయసులో చేపల వెంటా, మొక్కల వెంటా, పాముల వెంటా పడ్డాడు. విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపల మీద 1803లో వచ్చిన ఆయన పుస్తకంలో బెస్తవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా ఉన్నాయి.  

పాముల దగ్గర ఆయన పని ఒకే వరుసలో నడిచేది. ముందు నోరు తెరిచి కోరలు చూడాలి. తర్వాత పొట్ట కింద అడ్డ పొలుసులు ఎన్ని, తోక కింద ఎన్ని అని లెక్కపెట్టాలి. ఆ తర్వాత పరీక్ష: కోడిని కరిపించడం, కుక్కను కరిపించడం, ఎంతసేపటికి కాళ్ళు తేలేసిందో రాసుకోవడం. ఇవాళ ఆ పేజీలు చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఆయన వెతుకులాట మాత్రం న్యాయమైనదే. విషం ఉన్న పామేదో, లేని పామేదో మామూలు మనిషి చూసి చెప్పగలిగే ఒక గుర్తు కావాలి. అప్పట్లో మద్రాసు రాజ్యంలో పాము కాటుకు తంజావూరు మాత్ర అని ఒకటి బాగా పేరు పడింది. పాషాణం, పాదరసం, మిరియాలు, కొన్ని విషపు వేళ్ళు కలిపి నూరిన మందు. రసెల్ దాన్ని కూడా పరీక్షకు పెట్టాడు. పేరుకు తగ్గ బలం కనిపించలేదు.

1796లో లండన్‌లో ఆయన పాముల పుస్తకం అచ్చయింది. రంగుల బొమ్మలు, కింద తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో. అందులో ‘బంగారం పాము’ అన్నది తర్వాత శాస్త్రంలో కట్లపాముల జాతి మొత్తానికీ ‘బంగారస్’ అని స్థిరపడింది. మరో బొమ్మ కింద పేరు ‘కాటుక రేకుల పొడ’. లావుపాటి ఒళ్ళు, గోధుమ రంగు చర్మం, వీపు మీద మూడు వరుసల్లో నల్ల అంచు పెట్టిన కోలగుండ్రటి మచ్చలు. నాగుపాము తర్వాత ప్రాణం తియ్యడంలో దీనిదే స్థానం అని రసెల్ తేల్చాడు. మరుసటి ఏడే జార్జ్ షా అనే ఆయన దానికి రసెల్ పేరు తగిలించాడు. మనం రక్తపింజర అంటాం.

రసెల్ చూసింది చావు వరకే. కరిచింది కాలిని అయితే మనిషి మెదడులో రక్తం చిమ్మి ఎందుకు పోతాడన్నది వైద్యానికి అందడానికి ఇంకో నూరేళ్ళు పైన పట్టింది. ఆ జవాబు ఇప్పుడు నర్సింగు పుస్తకంలో కూడా ఉంది. విశాఖ మన్యం కొండల్లోని ముంచింగిపుట్టు లాంటి చోట అది మనిషి దాకా ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ కథ.

ఇక్కడి నుంచి చెప్పేది ఏ ఒక్క మనిషి కథా కాదు. రక్తపింజర విషం ఒంట్లో ఏ వరుసలో నడుస్తుందో వైద్యులు రాసిపెట్టారు. ఆ వరుసను ఈ కొండదారుల మీద పరిచి చూస్తున్నాను. అందుకే పేర్లు లేవు.

*

శ్రావణం. వాన అప్పుడే వెలిసింది. గెడ్డ పక్క పల్లపు మడిలో నాట్లు ముగించుకుని ఇద్దరు గట్టు మీద నడిచి వస్తున్నారు. చెప్పుల్లేవు. చీకటి పడుతోంది.

“అబ్బా!”

వెనక వస్తున్న బావమరిది ఆగాడు. “ఏమయింది బావా?”

“ముల్లు దిగినట్టుంది.”

ఫోన్ లైటు వేసి చూశాడు. గడ్డిలో చుట్టగా పడి ఉంది. బుస ఆగడం లేదు, పది అడుగుల దూరానికి వినిపిస్తోంది.

“కొండచిలువ పిల్లలే బావా. దీనికి విషముండదు.”

ఈ మాట మన్యంలోనే కాదు, కృష్ణా డెల్టాలో కూడా మనుషుల్ని చంపింది. లావుగా, నిదానంగా ఉండి మచ్చలున్న పాము కనిపిస్తే కొండచిలువ పిల్ల అనుకోవడం మనకు అలవాటు. కొండచిలువ మచ్చలకు వరస ఉండదు, అంచులు చెదిరి ఉంటాయి. రక్తపింజర మచ్చలు గొలుసు కట్టినట్టు వరసలో ఉంటాయి. పైగా ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్కో ఈతలో ఇరవై, ముప్పై. అవి ఎక్కువగా వేసవి చివర, తొలకరి రోజుల్లో పుడతాయి. అంటే నాట్ల కాలానికి ఎలుకలున్న ప్రతి మడి గట్టూ వాటికి వేటాడే చోటే. పుట్టిన రోజు నుంచే కోరల్లో విషం ఉంటుంది.

మడమ పైన రెండు గాట్లు. నొప్పి నిప్పు పెట్టినట్టు పైకి పాకుతోంది. చీలమండ అప్పటికే ఉబ్బింది. గాట్ల నుంచి సన్నగా కారుతున్న రక్తం ఎంత తుడిచినా ఆగడం లేదు. బావమరిది భుజం మీది తువ్వాలు తీసి పిక్క పైన బిగించబోతుంటే, ఊళ్ళోంచి పరిగెత్తుకొచ్చిన ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుంది.

“బిగించకు తమ్ముడూ. ఇప్పుడు కట్టేస్తే విషమంతా కాల్లోనే నిలిచి కండ కుళ్ళిపోద్ది. విప్పగానే ఒక్కసారి పైకెక్కేస్తది. వెదురు బద్ద తెండి. విరిగిన కాలికి కట్టినట్టు కట్టండి, కదలకూడదు అంతే. అన్నని ఒక్క అడుగు కూడా నడిపించొద్దు.”

“ముందు దిసారి దగ్గరికి...” అన్నాడు అరుగు మీది పెద్దాయన.

దిసారి అంటే ఊళ్ళో మంత్రం వేసే వైద్యుడు. ఆయన మాట తీసేయడం పట్నంలో కూర్చున్నవాళ్ళకు తేలిక. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషమున్న పాము కూడా అన్నిసార్లూ విషం దింపదు, ఉత్త కాటు వేసి పోతుంది. కాబట్టి మంత్రం వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది లేచి నడిచి వెళ్ళిపోవడం ఊరంతా కళ్ళారా చూసిన సంగతే. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. చిక్కల్లా ఇవాళ్టి కాటు ఏ రకందో పైకి చూసి దిసారీ చెప్పలేడు, డాక్టరూ చెప్పలేడు. చెప్పగలిగేది ఒక గాజు గొట్టం. అది కొండ కింద ఉంది.

*

రోడ్డు దాకా డోలీ. రెండు కొసల్లో ఇద్దరు, మధ్యలో దుప్పటి. మన్యంలో డోలీ ఫొటో పత్రికలో పడితే అది ప్రభుత్వం సిగ్గుపడాల్సిన ఫొటో అని అందరికీ తెలుసు. అయినా ఒక మాట చెప్పాలి. పాము కరిచిన మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టి మోసుకెళ్ళమని ప్రథమ చికిత్స పుస్తకం కూడా అంటుంది. నడిస్తే కండరాలు పిండుకుని విషాన్ని శోషనాళాల్లోకి తోస్తాయి. రోడ్డు లేదు కాబట్టి డోలీ కట్టారు. రోగి నడవకపోవడం మాత్రం మంచిదే అయింది. దారి తప్పయినా మోత తప్పు కాదు.

మట్టిరోడ్డు తగిలాక బైకు అంబులెన్సు. ఏజెన్సీలో వీటిని ఫీడర్ అంబులెన్సులంటారు. వీటిని చూసి ముక్కు విరిచేవాళ్ళకు నేపాల్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ తరాయి ప్రాంతంలో డమక్ చుట్టుపక్కల పల్లెల్లో మోటారు సైకిళ్ళున్న కుర్రాళ్ళను కూడగట్టారు. పాము కరిచిన మనిషిని నడిపేవాడికీ వెనక పట్టుకున్నవాడికీ మధ్య కూర్చోబెట్టి నేరుగా కాటు వైద్యం చేసే కేంద్రానికి తేవడం వాళ్ళ పని. దానితోపాటు పల్లెల్లో చెప్పి ఒప్పించారు. కాటు పడినవాళ్ళలో నూటికి పది మంది దాకా చనిపోయేచోట ఆ లెక్క అరశాతానికి దిగింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందు దగ్గరికి ఉన్న బండి మీద త్వరగా తెచ్చారు.

ఈలోగా ఒంట్లో ఏం జరుగుతోంది?

రక్తం గడ్డకట్టడానికి ఒకదాని తర్వాత ఒకటి మేలుకునే ప్రోటీన్ల వరుస ఒకటుంది. వాటికి నంబర్లు పెట్టారు. రక్తపింజర విషంలో రెండు ఎంజైములు నేరుగా ఆ వరుస మధ్యలోకి దూరి పదో నంబరునూ, ఐదో నంబరునూ రెచ్చగొడతాయి. గాయం లేనిచోట కూడా రక్తం సన్నసన్నగా గడ్డకట్టడం మొదలవుతుంది. కట్టినవి కట్టినట్టే కరిగిపోతుంటాయి. గంట రెండు గంటల్లో గడ్డకట్టించే సరుకు, ముఖ్యంగా ఫైబ్రినోజన్, మొత్తం అయిపోతుంది. సంతకొచ్చి పొద్దున్నే ఉన్న డబ్బంతా పారబోసుకున్నవాడికి సాయంత్రం ఉప్పు కొనడానికి పైసా మిగలనట్టు, నిజంగా రక్తనాళం చిట్లినప్పుడు అడ్డుకట్ట వేయడానికి ఒంట్లో ఏమీ ఉండదు. అక్కడితో అయిందా అంటే లేదు. అదే విషంలో నాళాల గోడలను కొరికే ఎంజైములు వేరే ఉన్నాయి. రక్తఫలకికలు కూడా పడిపోతాయి. పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రంలో రక్తం. వీటిని కంటితో చూడొచ్చు. మెదడులో చిట్లితే చూడలేం.

రసెల్ కరిపించిన కోడి ఎందుకు క్షణాల్లో పడిపోతుంది, మనిషి ఎందుకు రోజుల తరబడి రక్తం కారి పోతాడు అన్న తేడా కూడా ఇందులోనే ఉంది. చిన్న ప్రాణికి పెద్ద మోతాదు దిగితే నాళాల్లోనే రక్తం ఒక్కసారిగా పేరుకుని ప్రాణం ఆగుతుంది. మనిషికి అదే విషం మెల్లగా అందితే గడ్డకట్టే శక్తిని హరిస్తుంది. కోడినీ కుక్కనూ చూసి రాసుకున్న రసెల్ పట్టికలకు ఈ సగం కథ చిక్కే అవకాశమే లేదు.

*

సామాజిక ఆరోగ్య కేంద్రం. ట్యూబ్‌లైటు కింద నర్సు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి స్టాండులో నిలబెడుతుంది. గోడ గడియారం చూసి టైము రాస్తుంది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇరవై నిమిషాలయ్యాక ఒక్కసారి ఒంచి చూడాలి. గడ్డకడితే ప్రస్తుతానికి సరే. నీళ్ళలా జారితే విషం దిగినట్టే.

ఇంత తేలిక పరీక్షలో కూడా రెండు గోతులున్నాయి. గాజు తగలడమే రక్తాన్ని గడ్డకట్టమని పురికొల్పుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో పోస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టక డాక్టర్ని తప్పుదారి పట్టిస్తుంది. గాజు గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి వాడినా అదే తంతు. పాము వైద్యంలో అన్నిటికన్నా చవకైన వస్తువు ఈ గొట్టం. కోట్లు పోసి కొన్న యంత్రాల జాబితాలో దీని పేరు ఎక్కడా ఉండదు.

మన మనిషి రక్తం జారింది.

ఇప్పుడు యాంటీ స్నేక్ వీనమ్. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషాన్నీ గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన విరుగుడు. అందుకు కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుళ తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం తీసి ఇస్తోంది. పొడిగా వస్తుంది కాబట్టి ఫ్రిజ్ లేకున్నా నిలుస్తుంది. మొదటి విడత ఎనిమిది నుంచి పది సీసాలు, సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. పిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము పిల్లాణ్ణి చూసి విషం తగ్గించదు.

డాక్టరు చెయ్యి ఆగేది ఇక్కడే. గుర్రం రక్తం మందు కొందరికి పడదు. బీపీ పడిపోవచ్చు, గొంతు మూసుకుపోవచ్చు. అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన పెట్టుకుంటే ఇది సంభాళించగలిగే ప్రమాదమే. కానీ రాత్రి పది గంటలకు, ఒక్క డాక్టరు, ఒక్క నర్సు, బయట ఇరవై మంది బంధువులు ఉన్నప్పుడు “పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి” అని రాసివ్వడం చాలా తేలిక. దేశమంతటా చిన్న ఆసుపత్రుల్లో జరిగేదే ఇది. ముంచింగిపుట్టు నుంచి పాడేరు, పాడేరు ఘాట్ దిగి విశాఖ, లేదా అరకు మీదుగా అనంతగిరి ఘాట్ దిగి విశాఖ. ఏ దారైనా 150 కిలోమీటర్లకు పైనే. మందు పడకుండా అంబులెన్సు ఎక్కితే ఆ దారి పొడవునా విషం తన పని తాను చేసుకుపోతుంది. నా మట్టుకు నాకు ఈ జబ్బులో అన్నిటికన్నా భయపెట్టేది పాము కాదు, విరుగుడు పడకుండా కదిలిన అంబులెన్సు. మందు పెట్టాకే కదలాలి. పది సీసాలు ఎక్కడానికి పట్టేది గంటే.

ఈ రాత్రి ఈ డాక్టరు మందు పెట్టింది. చెయ్యి వణికిందో లేదో పక్కన ఉన్నవాళ్ళకు తెలియదు. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. అడ్రినలిన్ ఇచ్చి, సెలైన్ ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాత ఆరు గంటలు ఆగాలి. విరుగుడు విషాన్ని పట్టి కట్టేస్తుందే తప్ప అయిపోయిన ఫైబ్రినోజన్‌ను తిరిగి ఇవ్వదు. అది కాలేయం కొత్తగా చెయ్యాలి, దానికి ఆరు గంటలు పడుతుంది. అందుకే గంటగంటకీ పరీక్ష చేసి కంగారుపడి సీసా మీద సీసా ఎక్కించడం దండగ. ఆరు గంటలకు రెండో గొట్టం. అది కూడా జారితే ఇంకో విడత.

*

మధ్యలో లండన్ వెళ్ళి రావాలి. 1934లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో రాబర్ట్ మాక్‌ఫర్లేన్ అనే కుర్ర డాక్టరు ఒక ఆలోచన చేశాడు. రక్తాన్ని ఇంత త్వరగా గడ్డకట్టించే విషం ఉన్నప్పుడు, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వాళ్ళకు అది మందు ఎందుకు కాకూడదు? లండన్ జూలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్ సాయం పట్టాడు. రకరకాల పాముల నుంచి విషం పిండి హీమోఫీలియా రక్తంలో కలిపి చూశారు. అన్నిట్లోకీ గెలిచింది రక్తపింజర. పదివేల వంతులకు పలచన చేసినా పనిచేసింది. పన్ను పీకించుకున్న హీమోఫీలియా రోగికి ఆ గుంటలో విషంలో ముంచిన దూది పెడితే రక్తం ఆగింది. అదే ‘స్టిప్‌వెన్’ పేరుతో బజారులోకి వచ్చింది. మనిషి ఒళ్ళంతా పాకితే రక్తం ఆగనివ్వని పదార్థం, పంటి గుంటలో దూది మీద ఉంటే రక్తాన్ని ఆపింది.

దీని కొస ఇవాళ్టి ల్యాబుల్లో ఉంది. చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్ళకూ, మాటిమాటికీ గర్భం పోయే ఆడవాళ్ళకూ రక్తం అకారణంగా గడ్డకడుతోందేమో తేల్చే పరీక్షల్లో ఒకటి ‘డైల్యూట్ రసెల్స్ వైపర్ వీనమ్ టెస్ట్’. హైదరాబాద్‌లో, విశాఖలో ల్యాబ్ రిపోర్టు మీద ఆ పేరు చూసి, ఇదేం పరీక్షరా అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. కోనిగ్ పోయాక కొలువు దక్కిన ఆ ముసలాయన పేరు అందులో ఉంది.

*

ముంచింగిపుట్టులో మందు పడకపోయి ఉంటే కథ వేరే దారి పట్టేది. ఘాట్‌లో ఏ ఏడో ఎనిమిదో గంటకో, కొందరిలో మర్నాడో, రెండో రోజో, రోగి తల పట్టుకుంటాడు.

“తల పగిలిపోతోంది రా.”

వాంతి. మాట ముద్దగా వస్తుంది. ఒక చెయ్యి పైకెత్తమంటే లేవదు. మూతి ఒక పక్కకు జారుతుంది. కాసేపటికి ఫిట్సు, లేదా పిలిస్తే పలకని మత్తు. పుర్రె గట్టిది, చిమ్మిన రక్తం పోయే చోటు లేదు. మెదడును పక్కకు నెడుతుంది, కిందికి తోస్తుంది. ఊపిరి నడిపే మూలం మెడ దగ్గర నలిగిపోతుంది.

విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది. 1923లో కొత్త భవనం కట్టిన నాటి నుంచి ఉత్తరాంధ్ర మన్యం అంతా చివరికి చేరేది అక్కడికే. సీటీ స్కాన్‌లో రక్తం తెల్లగా కనిపిస్తుంది. అయితే చూసి ఏం చెయ్యాలి? మామూలుగా మెదడులో రక్తం గడ్డ పెరిగితే సర్జన్ పుర్రె తెరిచి తీసేస్తాడు. ఇక్కడ కత్తి పెట్టిన ప్రతిచోటా రక్తం ఆగదు. ముందు విరుగుడు, అవసరమైతే ప్లాస్మా ఎక్కించి రక్తాన్ని దారికి తేవాలి, ఆ తర్వాతే కత్తి. అప్పటికి గంటలు గడిచిపోతాయి. విరుగుడు ఇంక చిట్లకుండా ఆపగలదు. చిట్లి చేరిన రక్తాన్ని వెనక్కి తీసుకోలేదు. బతికినవాళ్ళలో కొందరికి ఒక పక్క పడిపోయే ఉంటుంది.

పాము సంగతి పక్కన పెడితే, మెదడులో రక్తనాళం చిట్లడానికి మామూలు కారణం అదుపు తప్పిన బీపీ. ఆ మూతి వంకర, లేవని చెయ్యి, ముద్దమాట ఆనవాళ్ళు అవే, ఆ ఘాట్ దారీ అదే. దానికి మాత్రం విరుగుడు సీసా లేదు. నెలకోసారి బీపీ చూపించుకోవడం ఉంది.

కట్లపాము రక్తపింజరకు పూర్తిగా తలకిందులు. రాత్రి నేల మీద పడుకున్నవాణ్ణి నొప్పి తెలియకుండా కరుస్తుంది. పొద్దుటికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, తర్వాత ఊపిరి ఆడకపోవడం. రక్తం చక్కగా గడ్డకడుతుంది, సీటీ శుభ్రంగా ఉంటుంది. మనిషి కన్ను కదపలేడు, వేలు కదపలేడు, కంటిపాపకు లైటు వేసినా స్పందన ఉండకపోవచ్చు. లోపల మాత్రం అన్నీ వింటూ ఉంటాడు. మెదడు చచ్చిపోయిందని పొరబడబోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఓపిక పడితే లేచి కూర్చున్నవాళ్ళు వాళ్ళు. కాబట్టి పల్లె నుంచి వచ్చిన కోమా కేసులో ‘రాత్రి నేల మీద పడుకున్నాడా?’ అన్న ప్రశ్న పరీక్షలన్నిటికన్నా ముందు అడగాలి.

దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. అందులో నూటికి డెబ్బై మంది దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే. వాటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది, ముంచింగిపుట్టు పొలిమేర దాటితే వచ్చే ఒడిశా ఉంది. సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్య, అంటే సరిగ్గా నాట్ల కాలంలో. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి దింపుతామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మరోపక్క బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు రక్తపింజర విషం దేశమంతా ఒక్కలా ఉండదనీ, వాతావరణం ఎంత పొడిగా ఉంటే విషంలో కండనూ నాళాలనూ కొరికే ఎంజైములు అంత ఎక్కువనీ చూపించారు. తమిళనాడు పాముతో చేసిన మందు తూర్పు కనుమల పాముకు ఎంత సరిపోతుందన్నది ఇక అడగక తప్పని ప్రశ్న.

*

రెండో గొట్టం తెల్లవారుజామున చూశారు. గడ్డకట్టింది. మన మనిషికి తల నొప్పి లేదు, మూత్రం రంగు మారలేదు. కిడ్నీల కోసం రెండు రోజులు కనిపెట్టుకుని ఉండి, కాలి వాపు తగ్గాక ఇంటికి పంపారు. ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకుంటారు.

మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంది. బరువు ఒక గ్రాము కూడా ఉండదు. థైరాయిడ్‌కూ, అడ్రినల్‌కూ, బీజకోశాలకూ ఆజ్ఞలిచ్చేది అదే. రక్తపింజర కాటులో మెదడు మొత్తం బాగానే ఉండి ఈ ఒక్క గ్రంథిలోనే రక్తం చిమ్మడమో, రక్తం అందక అది చచ్చిపోవడమో కొందరిలో జరుగుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లుల్లో కనిపించే జబ్బుకు ఇది అచ్చం జోడు. బర్మా డాక్టర్లు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళతో కలిసి 1987లో ‘లాన్సెట్’లో దీన్ని వివరంగా రాశారు. బర్మాలో వరిచేలల్లో రక్తపింజర కరిచి బతికిన రైతులు కొందరు నెలలూ ఏళ్ళూ గడిచాక నీరసంతో, రాలిపోయిన మీసాలతో, చలికి ఓర్చలేని ఒంటితో కనిపించారు.

మన్యంలో అలాంటి మనిషి వస్తే మొదట రాసేది ఐరన్ మాత్రే. రక్తహీనత ఎలాగూ ఉంటుంది కాబట్టి తప్పు పట్టలేం. కానీ కాటు పడి ఆర్నెల్లయ్యాక అతను కొండెక్కలేకపోతున్నాడు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, పిలిస్తే మెల్లగా పలుకుతున్నాడు. భార్య అంటుంది: “పాము కరిచిన కాడి నుంచి మనిషి మనిషి కాదమ్మా.” ఆమె ఆ మాట ఓపీ చీటీ మీదికి ఎక్కాలి. అది ఎక్కితే రక్తంలో కార్టిసాల్, థైరాయిడ్ చూస్తారు. రెండూ పడిపోయి ఉంటే రెండూ మాత్రలతోనే సరిదిద్దొచ్చు, జీవితాంతం వేసుకోవాలి, ఖరీదూ పెద్దది కాదు. వరుస మాత్రం తప్పకూడదు. ముందు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, ఒళ్ళు నిలదొక్కుకున్నాకే థైరాక్సిన్ ఇవ్వాలి. థైరాక్సిన్ ముందు పడితే ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయి, కాటు నుంచి తప్పించుకున్న మనిషి బీపీ పడిపోయి మళ్ళీ అదే ఆసుపత్రి మంచం మీదికి వస్తాడు.